శనివారం కప్పు, మంగళవారం పతనం: 2013లో విగన్‌కు ఏం జరిగింది?

2013 మే నెలలో విగన్ అథ్లెటిక్ అనే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టు ఎనిమిది రోజుల్లో మూడు మ్యాచ్‌లు ఆడింది. 7వ తేదీ మంగళవారం సొంత మైదానంలో స్వాన్సీ చేతిలో 2–3తో ఓడింది. 11వ తేదీ శనివారం లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో మాంచెస్టర్ సిటీని 1–0తో ఓడించి ఎఫ్‌ఏ కప్ ఎత్తుకుంది. 14వ తేదీ మంగళవారం ఆర్సెనల్ చేతిలో 1–4తో చిత్తయి, దేశంలో అన్నిటికంటే పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్ నుంచే కిందికి పడిపోయింది. 1871లో మొదలైన ఎఫ్‌ఏ కప్‌లో, కప్పు గెలిచిన సీజన్‌లోనే డివిజన్ కోల్పోయిన జట్టు అంతకుముందు ఒక్కటీ లేదు.

ఇంతటితో అయిపోతే వింతే. కానీ రెండో డివిజన్‌కు పడిపోయిన ఆ జట్టే కొద్ది నెలల తర్వాత యూరప్ దేశాల క్లబ్బులు తలపడే యూరోపా లీగ్‌లో బెల్జియం, రష్యా, స్లొవేనియా జట్లతో ఆడింది. ఐపీఎల్‌కు అలవాటుపడిన మనకు ఇది తలాతోకా లేని వ్యవహారంలా కనిపిస్తుంది. పట్టిక అడుగున ఉన్న జట్టు ట్రోఫీ ఎత్తడమేమిటి, ఎత్తాక బయటికి పోవడమేమిటి, పోయాక విదేశాల్లో ఆడటమేమిటి?

చిక్కుముడి మొదటి పోగు ఇక్కడే ఉంది. ఐపీఎల్‌లో లీగ్ దశ, ప్లేఆఫ్‌లు ఒకే టోర్నమెంట్‌లో భాగాలు. పట్టికలో పైన ఉన్నవాళ్లే నాకౌట్‌కు వెళ్తారు. ఇంగ్లండ్‌లో అలా కాదు. లీగ్ ఒక పోటీ, కప్ ఇంకో పోటీ. రెండూ ఆగస్టు నుంచి మే దాకా పక్కపక్కనే నడుస్తాయి, ఒకదాని ఫలితం ఇంకోదానికి పట్టదు. లీగ్‌లో 20 జట్లు ఒక్కొక్కటి 38 మ్యాచ్‌లు ఆడి పాయింట్లు పోగేసుకుంటాయి, చివరి మూడు స్థానాల్లో ఉన్నవి కింది డివిజన్‌కు పోతాయి. కప్‌లో పాయింట్లు ఉండవు, ఓడితే ఇంటికే. చాలదన్నట్టు ‘లీగ్ కప్’ అని మూడో పోటీ కూడా ఉంది. పేరులో లీగ్ ఉన్నా అదీ నాకౌటే. అదే సీజన్‌లో నాలుగో డివిజన్ జట్టు బ్రాడ్‌ఫర్డ్ సిటీ ఆ లీగ్ కప్ ఫైనల్‌దాకా వచ్చి స్వాన్సీ చేతిలో 0–5తో ఓడింది. మనవాళ్లు ఈ రెండు కప్పులను తరచూ కలిపేస్తారు. ఇక్కడ మాట్లాడుకుంటున్నది పాతది, పెద్దది అయిన ఎఫ్‌ఏ కప్ గురించి.

ఈ కప్‌లో ఎవరెవరు ఆడతారు? ఆ సీజన్‌లో 750కి పైగా క్లబ్బులు దిగాయి. ఫుట్‌బాల్ అసోసియేషన్ నిబంధనల ప్రకారం మైదానం, లైట్లు లాంటివి సరిగ్గా ఉంటే, పగలంతా ఉద్యోగాలు చేసుకుని సాయంత్రం ప్రాక్టీసు చేసే కుర్రాళ్ల జట్టు కూడా పేరు ఇవ్వొచ్చు. ఆగస్టులో వాళ్లలో వాళ్లకు పోటీలు మొదలవుతాయి. ఆరు క్వాలిఫయింగ్ రౌండ్లు గడిచాక 32 జట్లు మిగులుతాయి. నవంబరులో ‘మొదటి రౌండ్’ అనేది అప్పుడు మొదలవుతుంది. అంటే మొదటి రౌండ్‌కు ముందే ఆరు రౌండ్లు అయిపోయి ఉంటాయన్నమాట! అక్కడ మూడు, నాలుగు డివిజన్ల జట్లు 48 వచ్చి కలుస్తాయి. మొత్తం 80. మొదటి రౌండ్‌లో సగం, రెండో రౌండ్‌లో సగం పోగా 20 మిగులుతాయి. జనవరిలో జరిగే మూడో రౌండ్‌లో ప్రీమియర్ లీగ్, దాని కింద ఉండే చాంపియన్‌షిప్ జట్లు 44 కలిసి లెక్క 64కు చేరుతుంది. అక్కడి నుంచి 32, 16, 8, 4, 2.

ఈ మూడో రౌండ్ చీటీల కార్యక్రమమే అసలు పండగ. 64 బంతులు ఒక పాత్రలో వేసి ఒక్కొక్కటే తీస్తారు. ముందు వచ్చిన బంతి జట్టుకు సొంత మైదానం, తర్వాత వచ్చినది ఊరు దాటి వెళ్లాలి. పెద్ద జట్లను వేరువేరు భాగాల్లో పెట్టడం, బలవంతులు ముందే తారసపడకుండా చూడటం లాంటివి ఇక్కడ లేవు. సంక్రాంతికి ఊళ్లో పెట్టే కబడ్డీ పోటీల్లో చీటీలు తీసినట్టే. గతేడాది విజేతకు పక్కూరి పిల్లల జట్టు తగలొచ్చు, గతేడాది రన్నరప్పే తగలొచ్చు. ప్రపంచ కప్‌లోనూ, యూరప్ అగ్ర క్లబ్బులు ఆడే చాంపియన్స్ లీగ్‌లోనూ నిర్వాహకులు ఇలాంటి సాహసం చేయరు. టీవీ కంపెనీలు ఒప్పుకోవు.

ఆ సీజన్‌లో చీటీలు ఎంత పని చేశాయో చెప్పాలంటే రెండో రౌండ్‌కు వెళ్లాలి. వింబుల్డన్ అంటే మనకు టెన్నిస్ గుర్తొస్తుంది కానీ అక్కడో ఫుట్‌బాల్ క్లబ్ ఉండేది. 1988లో లివర్‌పూల్‌ను ఓడించి ఎఫ్‌ఏ కప్ గెలిచిన జట్టు అది. సరైన స్టేడియం లేక యజమానులు ఆ క్లబ్బును దాదాపు 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్ అనే పట్టణానికి తరలిస్తామన్నారు. 2002లో అందుకు అనుమతి వచ్చింది. అభిమానులు భగ్గుమన్నారు. మా క్లబ్బును మా ఊరి నుంచి ఎత్తుకుపోతే మేమే కొత్తది పెట్టుకుంటామని, ఊరి పక్క పచ్చిక మైదానంలో ఆటగాళ్లకు సెలక్షన్ ట్రయల్స్ పెట్టి ఏఎఫ్‌సీ వింబుల్డన్‌ను నిలబెట్టారు. అట్టడుగున తొమ్మిదో అంచెలో మొదలుపెట్టి తొమ్మిదేళ్లలో నాలుగో డివిజన్‌కు ఎక్కారు. తరలిపోయిన పాత క్లబ్ ఎంకే డాన్స్‌గా పేరు మార్చుకుంది.

పదేళ్లపాటు ఈ రెండూ ఒక్కసారి కూడా తలపడలేదు, వేరువేరు డివిజన్లు కదా. 2012 డిసెంబరులో చీటీలు వాళ్లిద్దరినీ ఒకే మైదానంలోకి లాగాయి, అదీ మిల్టన్ కీన్స్‌లోనే. అసలు ఆ మైదానంలో అడుగుపెట్టాలా వద్దా అన్నదే వింబుల్డన్ అభిమానుల్లో పెద్ద గొడవైంది. ఆట 1–1 దగ్గర ఉండగా చివరి క్షణాల్లో జాన్ ఒట్సెమోబోర్ అనే డిఫెండర్ కాలి మడమతో తన్నిన బంతి గోల్‌లోకి పోయింది. ఎంకే డాన్స్ 2–1తో గెలిచింది. న్యాయం ఎటువైపు ఉందో, గోల్ అటు పడలేదు. లీగ్ షెడ్యూల్ వేసేవాడు ఇలాంటి మ్యాచ్‌ను కావాలని పెట్టలేడు, చీటీ మాత్రమే పెట్టగలదు.

ఇంకో జట్టు లూటన్ టౌన్. ఆర్థిక అవకతవకలకు శిక్షగా 2008–09లో 30 పాయింట్లు కోత పడి ఐదో అంచెకు జారిపోయిన క్లబ్. 2013 జనవరిలో ముందు వుల్వ్స్‌ను, తర్వాత ప్రీమియర్ లీగ్ జట్టు నారిచ్ సిటీని వాళ్ల ఊళ్లోనే 1–0తో ఓడించింది. నాలుగు డివిజన్లకు బయట ఉన్న జట్టు అగ్రశ్రేణి జట్టును ఓడించడం 1989 తర్వాత అదే మొదలు. సరిగ్గా పదేళ్లకు, 2023లో, అదే లూటన్ ప్రీమియర్ లీగ్‌లో ఆడింది. అదే వారాంతంలో మూడో డివిజన్‌లోని ఓల్డమ్ లివర్‌పూల్‌ను 3–2తో, చాంపియన్‌షిప్‌లోని లీడ్స్ టోటెన్‌హామ్‌ను 2–1తో ఇంటికి పంపాయి. ఆ తర్వాతి రౌండ్‌లో బ్లాక్‌బర్న్ వచ్చి ఆర్సెనల్‌ను వాళ్ల స్టేడియంలోనే దెబ్బ తీసింది.

ఈ గందరగోళం మధ్య విగన్ చడీచప్పుడు లేకుండా ముందుకు నడిచింది. మూడో రౌండ్‌లో మూడో డివిజన్ జట్టు బోర్న్‌మత్‌తో సొంతగడ్డపై 1–1. ఆ రోజుల్లో కప్ మ్యాచ్ సమమైతే అదనపు సమయం ఉండేది కాదు, రెండో జట్టు మైదానంలో మళ్లీ ఆడేవారు. దాన్ని రీప్లే అంటారు. అందులో మౌరో బొసెల్లి కొట్టిన ఒకే గోల్‌తో విగన్ గట్టెక్కింది. నాలుగో రౌండ్‌లో ఐదో అంచె జట్టు మాక్లెస్‌ఫీల్డ్‌పై పెనాల్టీతో 1–0. ఐదో రౌండ్‌లో చాంపియన్‌షిప్ జట్టు హడర్స్‌ఫీల్డ్‌పై 4–1. ఇంతవరకు తన స్థాయి జట్టు ఒక్కటీ ఎదురుపడలేదు. సెమీఫైనల్‌లో దొరికింది కూడా చాంపియన్‌షిప్ జట్టు మిల్‌వాలే, 2–0.

అందుకే ‘విగన్‌ది చీటీల అదృష్టం’ అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. సగం నిజం. మిగతా సగం క్వార్టర్ ఫైనల్లో ఉంది. ఎవర్టన్ ఆ ఏడాది లీగ్‌లో ఆరో స్థానంలో నిలిచిన జట్టు. లివర్‌పూల్ నగరంలో వాళ్ల అప్పటి మైదానం గుడిసన్ పార్క్‌కు వెళ్లి గెలిచి రావడం ఎవరికీ తేలికగా ఉండేది కాదు. విగన్ అక్కడ అరగంట దాటగానే నాలుగు నిమిషాల్లోపు మూడు గోల్స్ కొట్టింది: ఫిగెరోవా, మెక్‌మనమన్, జోర్డి గోమెజ్. ఆట 3–0తో ముగిసింది. దాన్ని అదృష్టం అనడానికి నాకు నోరు రాదు. పైగా అటువైపు ఫైనల్ ప్రత్యర్థి మాంచెస్టర్ సిటీ దారి కూడా ముళ్లబాట ఏమీ కాదు. వాట్‌ఫర్డ్, స్టోక్, లీడ్స్, బార్న్స్‌లీ దాటాక సెమీఫైనల్లో చెల్సీ తగిలేదాకా వాళ్లకూ సాఫీగానే సాగింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. కప్‌లో ఇంత చేసిన జట్టు లీగ్‌లో ఎందుకు మునిగింది? ఒక లెక్క చూడండి. కప్‌లో విగన్ ఏడు మ్యాచ్‌లు ఆడి 13 గోల్స్ కొట్టి రెండే ఇచ్చింది. లీగ్‌లో 38 మ్యాచ్‌ల్లో 73 గోల్స్ ఇచ్చుకుంది, అంటే సగటున మ్యాచ్‌కు దాదాపు రెండు. తొమ్మిది గెలుపులు, తొమ్మిది సమాలు, ఇరవై ఓటములు, 36 పాయింట్లు, 18వ స్థానం. ఆటగాళ్లు దాదాపు వాళ్లే, కోచ్ రాబర్టో మార్టినెజే. తేడా ఎక్కడంటే, 38 వారాలు ఆడితే జట్టులో ఉన్న ప్రతి చిల్లూ బయటపడుతుంది. డిఫెండర్లు గాయపడితే వెనక ఎవరున్నారు, డబ్బున్న క్లబ్బు బెంచి మీద కూర్చోబెట్టే ఆటగాడి స్థాయి మనకు పదకొండుగురిలో ఉందా, ఇవన్నీ లీగ్ అడుగుతుంది. కప్ అడిగేది ఒక్కటే: ఈ రోజు ఈ తొంభై నిమిషాలు నీవేనా?

2005లో ప్రీమియర్ లీగ్‌కు చేరిన విగన్ అప్పటికి ఎనిమిది సీజన్లుగా అక్కడే ఉంది. ఆ ఎనిమిదిలో చాలాసార్లు చివరి వారాల్లో ఊపిరి బిగబట్టి బయటపడిన జట్టే. చిన్న ఊరు, చిన్న స్టేడియం, ఆ ఊళ్లో రగ్బీ అంటే ఫుట్‌బాల్‌తో సమానంగా పిచ్చి. 1978 దాకా ఆ క్లబ్ పై నాలుగు డివిజన్ల ఫుట్‌బాల్ లీగ్‌లోనే లేదు. యజమాని డేవ్ వీలన్ కథ దానికదే ఒక సినిమా. 1960 ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో బ్లాక్‌బర్న్ తరఫున ఆడుతూ కాలు విరగ్గొట్టుకున్నాడు. అప్పుడు సబ్‌స్టిట్యూట్లు లేరు కాబట్టి పదిమందితో ఆడిన బ్లాక్‌బర్న్ 0–3తో ఓడింది. 53 ఏళ్ల తర్వాత అదే పోటీ ఫైనల్‌కు తన సొంత జట్టును వెంబ్లీ మైదానంలోకి నడిపించుకుంటూ వచ్చాడు.

ఆ ఫైనల్ ఎలా సాగిందంటే, వానలో తడుస్తూ 86 వేలకు పైగా జనం. సిటీ అంతకుముందు ఏడాది లీగ్ చాంపియన్, ఈసారి రెండో స్థానం. అగ్వెరో, టెవెజ్, డేవిడ్ సిల్వా, యాయా టూరే, అందరూ ఉన్నారు. కానీ ఆ రోజు మైదానంలో అందరి కళ్లూ 22 ఏళ్ల కాలం మెక్‌మనమన్ మీదే. బంతి దొరికిన ప్రతిసారీ సిటీ డిఫెండర్లను పక్కకు తిప్పి పరుగెత్తాడు. 84వ నిమిషంలో అతన్ని ఆపలేక పడగొట్టిన పాబ్లో జబలేటాకు రెండో పసుపు కార్డు, దాంతో ఎర్ర కార్డు. సిటీ పదిమందికి తగ్గింది. అంతకు కాస్త ముందే మార్టినెజ్ బెన్ వాట్సన్‌ను దింపాడు. నవంబరులో కాలు విరిగి నెలల తరబడి ఆటకు దూరమైన మిడ్‌ఫీల్డర్ అతను. 90 నిమిషాలు దాటి ఒక్క నిమిషం. షాన్ మలోనీ కార్నర్ కొట్టాడు. బంతి దగ్గరి పోస్టు వైపు వస్తుండగా వాట్సన్ మార్కింగ్ తప్పించుకుని ఎగిరి తల తాకించాడు. గోల్‌కీపర్ జో హార్ట్ మీదుగా బంతి వంపు తిరిగి వలలో పడింది. 1–0. రెండు రోజుల తర్వాత సిటీ కోచ్ రాబర్టో మాంచిని ఉద్యోగం ఊడింది.

ఒక చిన్న విచిత్రం. ఫైనల్ ఆడిన సీజన్‌లోనే డివిజన్ కోల్పోయిన జట్లు విగన్‌కు ముందూ ఉన్నాయి. 1969లో లెస్టర్, 1983లో బ్రైటన్, 1997లో మిడిల్స్‌బ్రో, 2010లో పోర్ట్స్‌మత్. అందరూ ఫైనల్లో ఓడి పడిపోయినవాళ్లే. ఆ జాబితాలో మొదటి పేరు, 1926 నాటిది, ఎవరిదనుకున్నారు? మాంచెస్టర్ సిటీదే.

ఇక డబ్బు సంగతి. కప్ గెలిచినందుకు విగన్‌కు దక్కిన బహుమతి 18 లక్షల పౌండ్లు. ఆ సీజన్‌లో ప్రీమియర్ లీగ్‌లో అందరికంటే చివర నిలిచిన జట్టుకు కూడా లీగ్ నుంచి దాదాపు 4 కోట్ల పౌండ్లు వచ్చాయి. మరుసటి ఏడాది కొత్త టీవీ ఒప్పందంతో చివరి స్థానం విలువ 6 కోట్లు దాటింది. కింది డివిజన్‌కు పడినవాళ్లకు కొన్నేళ్లపాటు ఊరట సొమ్ము ఇస్తారు కానీ అది అందులో కొంత భాగమే. అంటే శనివారం విగన్ గెలుచుకున్నదానికి ఎన్నో రెట్లు మంగళవారం పోగొట్టుకుంది. అందుకే చాలా క్లబ్బుల యాజమాన్యాలు కప్ మ్యాచ్‌లకు రెండో వరస ఆటగాళ్లను దింపుతాయి. మార్టినెజ్ కూడా తొలి రౌండ్లలో అదే చేశాడు. మెక్‌మనమన్‌కు కప్ మ్యాచ్‌ల్లోనే చోటు దొరికి, అక్కడి నుంచి లీగ్ జట్టులోకి వచ్చాడు. మరి ‘కప్ మీద పడి లీగ్ పోగొట్టుకున్నారు’ అన్న వాదన? ఏడే మ్యాచ్‌లు ఆడిన పోటీ మీద 20 లీగ్ ఓటముల బరువు పెట్టడం నాకు సబబుగా తోచదు. స్వాన్సీ మ్యాచ్ ఒక్కటి గెలిచి ఉంటే అన్న ‘ఒకవేళ’లు ఎన్నైనా చెప్పుకోవచ్చు.

మిగిలిన ముడి యూరప్‌ది. యూరోపా లీగ్‌లో ఒక్కో దేశానికి కొన్ని సీట్లు ఉంటాయి. వాటిలో ఒకటి ఆ దేశపు కప్ విజేతది. విజేత ఏ డివిజన్‌లో ఉందన్నది యూరప్ సంఘం యూఈఎఫ్‌ఏకు అనవసరం. రెండో డివిజన్ జట్లుగానే సౌతాంప్టన్ 1976లో, వెస్ట్‌హామ్ 1980లో కప్ గెలిచి యూరప్‌లో ఆడాయి. తమాషా ఏమిటంటే, విగన్ ఫైనల్లో ఓడినా యూరోపా లీగ్‌కు వెళ్లేది. ఎందుకంటే సిటీకి లీగ్ స్థానం వల్ల చాంపియన్స్ లీగ్ సీటు అప్పటికే ఖాయం. అలాంటప్పుడు కప్ విజేత సీటు రన్నరప్‌కు దక్కేది. 2004లో ఫైనల్లో ఓడిన మిల్‌వాల్ అలాగే యూరప్‌కు వెళ్లింది. పోర్ట్స్‌మత్‌కు 2010లో అదే అవకాశం వచ్చినా, అప్పుల వల్ల లైసెన్సు దొరక్క ఆగిపోయింది. 2015–16 నుంచి ఆ నిబంధన తీసేశారు. ఇప్పుడైతే రన్నరప్‌కు ఏమీ రాదు, సీటు లీగ్ పట్టికలో తర్వాతి జట్టుకు పోతుంది.

యూరోపా లీగ్‌లో విగన్ ఆరు మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచి గ్రూపులో చివర నిలిచింది. కానీ ఎఫ్‌ఏ కప్‌లో మాత్రం వదల్లేదు. 2014 మార్చిలో, ఈసారి రెండో డివిజన్ జట్టుగా, క్వార్టర్ ఫైనల్లో సిటీని వాళ్ల స్టేడియంలోనే 2–1తో మళ్లీ ఓడించింది. సెమీఫైనల్లో పెనాల్టీల మీద ఆర్సెనల్ చేతిలో ఆగింది. 2018లో మూడో డివిజన్‌లో ఉండగా గ్వార్డియోలా కోచ్‌గా ఉన్న సిటీని ఇంకోసారి 1–0తో ఇంటికి పంపింది. ఇంత డబ్బు పోసి కట్టిన సిటీకి విగన్ అంటే ఏం దోషమో!

ఆ సీజన్‌లో ఉన్నది, ఇప్పుడు లేనిది ఇంకొకటి ఉంది. రీప్లే. విగన్‌ను బోర్న్‌మత్ గండం దాటించింది రీప్లేనే. ఏడో అంచె జట్టు హేస్టింగ్స్ యునైటెడ్ మూడో రౌండ్ దాకా రాగలిగింది రీప్లేలో పెనాల్టీల మీద గెలిచే. మూడో డివిజన్ జట్టు బ్రెంట్‌ఫర్డ్ సొంతగడ్డపై చెల్సీని 2–2తో నిలబెట్టి, చెల్సీ మైదానం స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌లో రీప్లే ఆడే అవకాశం సంపాదించింది. అక్కడ 0–4తో ఓడినా టికెట్ల సొమ్ములో వాటా దక్కుతుంది. చిన్న క్లబ్బులకు ఆ వాటా ఎంత ముఖ్యమో 2005లో తేలింది: అప్పుల్లో కూరుకున్న ఎక్సెటర్ సిటీ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌ను 0–0తో ఆపి, ఆ మ్యాచ్, రీప్లే తెచ్చిన డబ్బుతో ఊపిరి పీల్చుకుంది. పెద్ద క్లబ్బుల గోడు వేరు. 2012–13లో చెల్సీ అన్ని పోటీల్లో కలిపి 69 మ్యాచ్‌లు ఆడింది, అందులో రెండు ఎఫ్‌ఏ కప్ రీప్లేలే. యూరప్ పోటీలు విస్తరించి క్యాలెండర్‌లో ఖాళీ లేదంటూ 2024–25 నుంచి మొదటి రౌండ్ మొదలుకొని రీప్లేలను పూర్తిగా రద్దు చేశారు. కింది డివిజన్ల క్లబ్బులు మమ్మల్ని అడగలేదని మండిపడ్డాయి, ప్రయోజనం లేకపోయింది. ఇప్పుడు సమమైతే ఆ సాయంత్రమే అదనపు సమయం, అప్పటికీ తేలకపోతే పెనాల్టీలు.